నాక్‌లెయిన్ గుట్ట తాళంచెవి

అట్రాక్టా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండగా వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో పూజ. ఫాదర్ ఏడాదికి రెండుసార్లు నాక్‌లెయిన్ వచ్చి, వంతు ఎవరిదైతే వాళ్ళ వంటగది బల్ల మీదే పూజ చేస్తారు. ఊళ్ళో ఉన్నవి పద్నాలుగు గడపలు. ఈ వంతు దాటితే మళ్ళీ ఏడేళ్ళకు గానీ రాదు. అందుకే నెలరోజులుగా ఆ ఇల్లు ఇల్లులా లేదు. గోడలకు సున్నం పడింది, కర్టెన్లు ఉతికారు, పొయ్యి గొట్టం దులిపారు. ఎన్నేళ్ళుగానో ఎవరూ కదపని బీరువా వెనక బూజు కూడా వదిలింది. దేవుడు బీరువా వెనక్కి చూస్తాడో లేదో గానీ పక్కింటి కన్‌సెప్టా తప్పకుండా చూస్తుంది.

"ఎవరదీ?" అంది అట్రాక్టా.

డెబ్బయి దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గుట్ట తాళంచెవి ఈ ఇంట్లో అడగమని రోడ్డు పక్క బోర్డు మీద రాసుందమ్మా."

"ఇప్పుడే ఇచ్చేశానండీ. సైకిళ్ళ మీద వచ్చారు, డచ్చి వాళ్ళు నలుగురు. పైనే ఉన్నారు. గేటు తీసే ఉంటుంది, మీరూ వెళ్ళండి."

"పుస్తకంలో పేరు రాయాలేమో?"

రాయాలి. గుట్ట మీది రాతి సమాధి ఐదువేల ఏళ్ళ నాటిది. దానికి ప్రభుత్వం ఇనప గేటు పెట్టించి, తాళంచెవి అట్రాక్టా ముత్తవ్వ చేతికిచ్చింది. అప్పటినుంచీ ఒకటే పద్ధతి. పుస్తకంలో పేరు పడకుండా ఎవరూ పైకి వెళ్ళకూడదు. ఎంతమంది వెళ్ళారో అంతమందీ దిగారని చూసుకున్నాకే తాళంచెవి మేకుకు ఎక్కాలి. రానురాను మేకు ఒక్కటే మిగిలింది. వచ్చినవాళ్ళు గేటు మూసి, తాళంచెవి తెచ్చి వెనక తలుపు పక్కన మేకుకు తగిలించి పోతారు. ఇంట్లో మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే.

"దిగొచ్చాక రాద్దురుగాని. నా చేతులు చూశారుగా," అంది అట్రాక్టా.

ఆయన నవ్వాడు. "సెనన్ లేసీ అంటారమ్మా నన్ను. వాటర్‌ఫోర్డ్‌లో బడిపంతులుగా చేశాను. మీ స్లైగో జిల్లాలో పాతరాళ్ళన్నీ చూడాలని జాబితా రాసుకుని బయల్దేరాను. ఇది తొమ్మిదోది."

"ముందు టీ తాగి వెళ్ళండి మాస్టారూ. ఐదువేల ఏళ్ళు ఆగింది, పది నిమిషాలు ఆగదా?"

"దిగొచ్చాక తాగుతా. నాకు షుగరు. పొద్దున సూది వేసుకుంటే నాలుగింటికల్లా ఏదో ఒకటి కడుపులో పడాలి. లేకపోతే కాళ్ళు నా మాట వినవు. తిండి సంచీ కార్లోనే ఉంది, కొండెక్కుతూ బరువెందుకని వదిలేశాను."

"అయితే నాలుగింటికి టీ, వెన్న రాసిన రొట్టె. మాటంటే మాటే."

ఆయన టోపీ పెట్టుకుని కంచె దాటి పైకి నడిచాడు. అప్పుడు టైము రెండుంబావు.

మూడింటికి తాళంచెవి మేకుకు తగిలిన చప్పుడు వంటగదిలోకి వినిపించింది. డచ్చి వాళ్ళు కిటికీ అవతలినుంచి చెయ్యి ఊపి సైకిళ్ళెక్కారు. అట్రాక్టా కూడా చెయ్యి ఊపింది. నాలుగింటికి బల్ల చివర ఒక కప్పు, సాసరు పెట్టింది. మాస్టారు రాలేదు. నాలుగున్నరకు ఆ చోటులో కేకు పెట్టాల్సి వచ్చి కప్పు తీసి అలమరలో పెట్టేసింది.

ఐదున్నరకు మేడ మీదికి వెళ్ళింది. పూజకొచ్చిన ఆడవాళ్ళు కోట్లు పెట్టే వంకతో పైకి రాకుండా ఉండరు, పడకగది చూడకుండా పోరు. మంచం మీద కొత్త దుప్పటి పరిచి, కిటికీ మూయబోయి ఆగింది. కంచె అవతల చిన్న పచ్చ కారు కప్పు ఎండకు మెరుస్తోంది.

ఇంకా వెళ్ళలేదా?

వెంటనే మనసు సర్ది చెప్పడం మొదలుపెట్టింది. పాడుబడ్డ సన్యాసుల మఠం ఇక్కడికి మైలు దూరం, ఆ పక్కనే పవిత్రబావి. ఆయన చేతిలో జాబితా ఉంది, నడుచుకుంటూ పోయుంటాడు. తాళంచెవి వచ్చిందంటే అందరూ దిగినట్టే. కానీ డచ్చి వాళ్ళతో ఆయన దిగడం తను చూసిందా? చూడలేదు.

గుట్ట ఎక్కడానికి పావుగంట, దిగడానికి పది నిమిషాలు. కేకు మీద పంచదార పూత ఇంకా పడలేదు. కింద మొగుడు మాలకీ గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. అతన్ని అడగొచ్చు. అడిగితే, "వెళ్ళి చూసిరాకూడదూ?" అంటాడు. అందుకే అడగలేదు.

మాస్టారు ఎక్కడున్నా క్షేమంగా ఉండాలని దేవమాతకు ఒక మంగళవార్త జపం చెప్పుకుంది. ఆశ్చర్యం, మనసు తేలికపడింది. కర్టెన్ లాగి కిందికి దిగింది. ప్రార్థనతో ఒక పనిని అంత సుళువుగా పక్కకు నెట్టేయొచ్చని అరవై ఏళ్ళొచ్చేదాకా ఆమెకు తెలియదు.

ఏడింటికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా కన్‌సెప్టా రెండు కుర్చీలు మోసుకుంటూ వచ్చింది. ఆమె వెనకే ఇంకో ఐదారుగురు.

"అబ్బో, గోడలు మెరిసిపోతున్నాయే! ఫాదర్ కోసమా, మాకోసమా?" అంది కన్‌సెప్టా. "అది సరే, ఆ పచ్చకారు ఎవరిదే? ఫాదర్ కారు పెట్టుకునే చోట అడ్డంగా ఉంది. లోపల సంచీ, అందులో సాండ్‌విచ్చులు కట్టింది కట్టినట్టే ఉన్నాయి. ఎవరో తిండి కూడా మర్చిపోయి తిరుగుతున్నారు పాపం."

అట్రాక్టా చేతిలో కత్తి కేకు మీద ఆగిపోయింది.

"మాలకీ!" అని అరిచింది. ఆ అరుపుకి ముందుగదిలో మాటలు ఆగిపోయాయి. "తాళంచెవి!"

వెనక తలుపు దగ్గరికి పరుగెత్తింది. తలుపుకు కొత్త ఆకుపచ్చ రంగు, తడి ఇంకా ఆరలేదు. పక్కన గోడకు తెల్లటి సున్నం. మేకు లేదు.

మాలకీ సగం బొత్తాలు పెట్టిన చొక్కాతో వచ్చాడు. "మేకు పీకేశాను. సున్నం వేయడానికి అడ్డమొస్తుంటేనూ."

"దాని మీద తాళంచెవి ఏదయ్యా?"

"సంచీలో వేశా."

"ఏ సంచీలో?"

మాలకీ బుర్ర గోక్కున్నాడు. ఇల్లు సర్దే తొందరలో కంటికి అడ్డమొచ్చిన ప్రతిదీ ఎరువుల సంచుల్లో కుక్కి, పొయ్యిలోకి వాడే పీట్ గడ్డలు పెట్టే కొట్టంలో పడేశారు. పాత బూట్లు, తాళ్ళు, తుప్పు మేకులు, విరిగిన గొడుగులు. ఈ పని ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ చేస్తుంది, వంతు దాటాక నెలరోజులు ఏదీ దొరక్క తిట్టుకుంటుంది. కొట్టంలో పంతొమ్మిది సంచులున్నాయి.

"పైన మనిషున్నాడు. మూడింటి నుంచీ లోపలే ఉన్నాడు. షుగరు మనిషి," అంది అట్రాక్టా. "కన్‌సెప్టా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. మాలకీ, సంచులన్నీ కుమ్మరించు."

"ఫాదర్ వచ్చే వేళయింది కదే!" అన్నారెవరో.

ఆమె అప్పటికే కంచె దాటింది.

మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, మంచి చెప్పులతో, పూజకు వేసుకున్న నీలం గౌనుతో ఆ గడ్డివాలు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. గొర్రెలు చెదిరి పక్కకు తప్పుకున్నాయి. పైన రాళ్ళ కుప్ప, దాని నడుమ నల్లటి నోరు, ఆ నోటికి ఇనప గేటు. కడ్డీలు రెండు చేతులా పట్టుకుంది.

"మాస్టారూ!"

లోపలి చల్లగాలి ముఖానికి కొట్టింది. జవాబు లేదు.

"మాస్టారూ! లేసీగారూ!"

గొర్రె ఒకటి అరిచింది, అంతే. ఆమె కడ్డీల మధ్య ముఖం పెట్టి ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి రాయి మీద రాయి తగిలిన చప్పుడు. ఒకసారి. ఇంకొకసారి.

"ఎవరూ?" గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టుంది.

"నేనండీ. టీ ఇస్తానన్న దాన్ని."

"చల్లారిపోయుంటుంది," అన్నాడాయన.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మీరు బయటికి రాగలరా? గేటు దాకా?"

"పడ్డానమ్మా. పైకప్పు రాయి చూద్దామని పక్క అరలో వెల్లకిలా పడుకున్నా. ఎవరో మాట్లాడుకుంటున్నట్టే వినిపించింది. నన్ను పిలుస్తున్నారనుకోలేదు. లేచి వచ్చేసరికి గేటు మూసుంది. అరిచాను. తర్వాత వెనక్కి వస్తూ కాలు మడతపడింది. చెమటలు పోస్తున్నాయి. దీపం ఒకటే తెచ్చాను, రెండు కనిపిస్తున్నాయి."

అట్రాక్టా నాన్నకూ షుగరే. ఆ చెమట ఏమిటో, ఆ రెండు దీపాలు ఏమిటో, వాటి తర్వాత వచ్చే నిద్ర ఏమిటో ఆమెకు తెలుసు.

"నిద్రపోకండి. వింటున్నారా? మాట్లాడుతూ ఉండండి. ఇది తొమ్మిదోదన్నారుగా. మొదటిదేం చూశారు?"

"మొదటిదా? మఠం. కప్పు లేదు. కిటికీలో పిచ్చుక గూడు."

"రెండోది?"

"గుండ్రటి బురుజు. పైకి ఎక్కనివ్వలేదు. వయసు చూసి."

"మంచి పని చేశారు వాళ్ళు. మూడోది?"

"బావి. చెట్టుకు గుడ్డపీలికలు. ఎవరి జబ్బు వాళ్ళు చెట్టుకు కట్టిపోయారు." ఆగాడు. "నేనేం కట్టలేదు. నమ్మకం లేక."

"నాలుగోది చెప్పండి."

"మఠం. కప్పు లేదు."

"అది మొదటిది మాస్టారూ."

"కప్పు లేదు మొయిరా. వాన పడితే పిల్లలు తడుస్తారు."

మొయిరా ఎవరో ఆమెకు తెలియదు. "ఆ, నేను మొయిరానే. పిల్లలు ఎంతమంది? పేర్లు పిలవండి, హాజరు వేయండి," అంది. లోపల ఆయన నెమ్మదిగా ఏవో పేర్లు పిలవసాగాడు. ఒక్కో పేరుకూ మధ్య ఖాళీ పెరిగిపోతోంది. ప్రతి పేరుకూ ఆమె బయటినుంచి "హాజర్" అంటూనే ఉంది.

కన్‌సెప్టా రొప్పుకుంటూ వచ్చింది. ఒక చేతిలో ఎర్ర నిమ్మసోడా సీసా, ఇంకో చేతిలో ఫోను. "అంబులెన్సుకి నలభై నిమిషాలట. తాళంచెవి ఇంకా దొరకలేదు. పది సంచులు అయ్యాయి. ఇదిగో, తీపి తెచ్చాను. మనిషెక్కడ?"

"లోపల, దారి చివర. ఇరవై రెండు అడుగులు. కదల్లేడు."

కన్‌సెప్టా కడ్డీల్లోంచి చీకట్లోకి చూసింది. ఊళ్ళో ఎవరి తప్పూ వదలని ఆ నోరు ఒక్క క్షణం మూతపడింది. తర్వాత ఫోనెత్తి, "మాలకీ! సంచులు వాళ్ళకి వదిలెయ్. పొయ్యి గొట్టం దులిపే కర్రలున్నాయి చూడు, ఒకదానికొకటి బిగించేవి, అవన్నీ పట్రా. ఇనుము కోసే మెషిను కూడా. ప్రశ్నలు తర్వాత!" అని అరిచింది.

మాలకీ నాలుగు చక్రాల పొలం బైకు మీద గడ్డివాలు అడ్డంగా ఎక్కొచ్చాడు. ముగ్గురూ కలిసి కర్రలు ఒకదానికొకటి తిప్పి బిగించారు. చివర కుంచె తీసి, ఆ చోటులో సీసాని నీలం తాడుతో కట్టారు. మూత వదులు చేశారు. అట్రాక్టా మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీల మధ్య నుంచి కర్ర లోపలికి తోసింది. ఆరడుగులు. పన్నెండు. కర్ర మధ్యలో వంగింది, సీసా రాతి గడపకు తగిలి ఆగింది.

"ఎత్తవే, కొంచెం ఎత్తు!" కన్‌సెప్టా గుసగుసలాడింది, గట్టిగా అంటే సోడా ఒలికిపోతుందన్నట్టు.

ఎత్తింది. గడప దాటింది. ఇరవై. కర్ర అయిపోయింది.

"మాస్టారూ, మీ ఎదురుగా సీసా ఉంది. చెయ్యి చాపండి."

పేర్లు ఆగిపోయి చాలాసేపయిందని అప్పుడు గమనించింది.

"మాస్టారూ! హాజరు మధ్యలో ఆపేస్తారా? ఆ తర్వాత ఎవరు? తర్వాతి పేరు చెప్పండి!"

ఏమీ లేదు. మాలకీ టోపీ తీసేశాడు. అట్రాక్టా అతని వంక చూసింది. "పెట్టుకో దాన్ని," అంది పళ్ళు బిగించి. అతను మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆమె రెండు చేతుల్లో కర్ర చివర సన్నగా వణికింది. గాలి కాదు. ఇంకోసారి లాగినట్టయింది. తర్వాత, గొంతులోకి ద్రవం గుటగుటమని దిగిన చప్పుడు, దగ్గు, మళ్ళీ గుటక.

"కొయ్యి," అంది మాలకీతో.

మాలకీ మెషిను పట్టుకుని గేటు వంక చూశాడు. "అట్రాక్టా, ఒక్కమాట. పర్మిషన్ లేకుండా గేటు కోస్తే ప్రభుత్వం వాళ్ళు తాళంచెవి మన దగ్గర ఉంచరు. మీ ముత్తవ్వ నాటి నుంచి వస్తోంది. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, దొరుకుతుందేమో."

"కొయ్యమన్నానా లేదా?"

నిప్పురవ్వలు రాళ్ళ మీద చిమ్మాయి. రాళ్ళకు తగలకుండా కన్‌సెప్టా తన కోటు విప్పి అడ్డం పట్టింది. ఐదు నిమిషాలకు పైనే పట్టింది. గడియ తెగి గేటు వాలుతుండగా కిందనుంచి ఎవరో తాళంచెవి తలపైన ఊపుతూ కేకలు వేశారు. పదహారో సంచీలో దొరికిందట. మాలకీ ఒక బూతుమాట అనబోయి, వెనకే రబ్బరు బూట్లతో ఎక్కి వస్తున్న ఫాదర్ గిల్‌రాయ్‌ని చూసి మింగేశాడు.

మాస్టారి ముఖం కొవ్వొత్తి రంగులో ఉంది. పెదవుల చుట్టూ ఎర్రటి సోడా. దుప్పట్లో పడుకోబెట్టి బయటికి తెచ్చాక ఫాదర్ వంగి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు పూసే నూనె బుడ్డి చూపిస్తూ, "పవిత్ర తైలం తెచ్చాను. కావాలంటే..." అన్నారు.

"ఇప్పుడే కాదు ఫాదర్," అన్నాడు మాస్టారు కళ్ళు తెరవకుండా. "ఇంకా మూడు చూడాలి."

అంబులెన్సు దాకా ఊరంతా కలిసి మోసుకెళ్ళారు. ఆమె భుజం తట్టని మనిషి లేడు. "నువ్వు గుర్తు చేసుకోకపోతే పోయేవాడు," అన్నారు. "తల్లీ, నీ ప్రార్థనే కాపాడింది," అంది ఒక ముసలావిడ. ఆ మాట మాత్రం అట్రాక్టాకి చెంపదెబ్బలా తగిలింది. స్ట్రెచర్ పక్కన నిలబడి నోరు తెరిచింది. మాస్టారు ఆమె వేళ్ళు పట్టుకుని నొక్కాడు. ఆమె నోరు మూసుకుంది. తలుపులు పడ్డాయి.

పూజ ఎనిమిదిన్నరకు మొదలుపెడదామన్నారు ఫాదర్. అంతకుముందు, అలవాటు ప్రకారం, ముందుగదిలో కూర్చుని ఒక్కొక్కరూ తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం విన్నారు. అట్రాక్టా ఆఖరున వెళ్ళింది. గౌను మోకాళ్ళ దగ్గర మట్టి.

"పుస్తకంలో పేరు రాయించకుండా పంపావు. అది మరుపమ్మా, పాపం కాదు," అన్నారు ఫాదర్ అలసటగా.

"అది కాదు ఫాదర్. ఐదున్నరకే కారు చూశాను. అనుమానం వచ్చింది. వెళ్ళలేదు. కేకు మీద పూత పూశాను. గంటకు పైన."

ఫాదర్ మెడలో పట్టీని వేళ్ళతో సవరించుకున్నారు. "దేవుడు క్షమిస్తాడని చెప్పడానికే నేనిక్కడ కూర్చున్నాను. చెబుతాను కూడా. కానీ ఆ గంట ఆ చీకట్లో ఉన్నది నేను కాదుగా."

ఆ రాత్రి అందరూ కేకు తిన్నారు. బాగుందన్నారు. ఆమె ముట్టలేదు. క్షమించేది దేవుడే అయితే ఇంకా ఈ బరువెందుకని మంచం మీద చాలాసేపు ఆలోచించింది.

పొద్దున్నే మాలకీ పట్నం ఆసుపత్రికి బండి తీశాడు. దారిలో అన్నాడు, "పళ్ళు తెచ్చాం, పలకరించి వచ్చేద్దాం. లేనిపోనివి ఎందుకు? మనిషి బతికాడుగా."

"నువ్వు కార్లోనే ఉండు," అంది అట్రాక్టా.

మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాలికి కట్టు. ముందు పళ్ళెంలో కాల్చిన రొట్టె. ఆమెను చూడగానే ముఖం వికసించింది.

"రండి, రండి! ఇప్పుడే నర్సుతో చెబుతున్నా మీ సంగతి. నిమ్మసోడా పొయ్యి కర్ర మీద వచ్చిందంటే నమ్మడం లేదు. మీరు లేకపోతే నేనెక్కడుండేవాణ్ణో. అసలు ఎలా గుర్తొచ్చాను మీకు?"

పళ్ళ సంచీ మంచం చివర పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఐదున్నరకు మేడ మీదినుంచి మీ కారు చూశాను మాస్టారూ," అంది. "మీరు దిగలేదేమోనని అప్పుడే అనిపించింది. వచ్చి చూడలేదు. ఇంట్లో పూజ ఉంది, పని ఉంది. మా ఆయన్ని అడిగితే వెళ్ళమంటాడని అడగలేదు కూడా. ఏడింటికి ఇరవై నిమిషాలుందనగా పక్కింటావిడ మీ సంచీ సంగతి ఎత్తాక పరుగెత్తాను. అందరూ నేనే కాపాడానంటున్నారు. మీరు కూడా అలా అనుకోకూడదని వచ్చాను."

మాస్టారు చేతిలో రొట్టెముక్క పళ్ళెంలో పెట్టాడు.

"ఐదున్నరకా?"

"ఐదున్నరకే."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి, పోతున్నాయి. అటు చూస్తూనే అన్నాడు, "ఆరింటి దాకా అరుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మానేశాను."

మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమని ఆయన అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆమె నిలబడే ఉంది.